మిర్చి యార్డు వ్యాసంలో ఎనిమిది ఫోటోలు పెట్టినా సగంలోనే వెళ్లిపోతున్నారు, ఏం చేయాలి?

బ్రాడీపేట_నాలుగోలైను అడిగారు:

అందరికీ నమస్కారం అండి. మాది గుంటూరు. పగలంతా అరండల్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు, రాత్రి మావాడు నిద్రపోయాక ఊరి సంగతుల మీద తెలుగులో వ్యాసాలు. గోంగూర పచ్చడి మొదలుకొని కొత్తపేట ఆసుపత్రుల వీధుల దాకా ఏది తోస్తే అది రాస్తుంటాను.

ఈమధ్య మిర్చి యార్డు మీద పెద్ద వ్యాసం రాశాను. మా పెదమామగారు కమీషన్ వ్యాపారం చేసేవారు కాబట్టి లోపలి సంగతులు బాగానే తెలుసు. రైతు తెచ్చిన టిక్కీ (మిర్చి గోతం) కోసి మచ్చు (నమూనా) ఎలా చూస్తారు, తేజ, 334, బ్యాడిగి రకాలు ఎలా గుర్తుపడతారు, తాలు కాయ ఎందుకు తక్కువ ధరకు పోతుంది, అమ్మకుండా ఆపుకున్న సరుకు కోల్డ్ స్టోరేజీకి ఎలా చేరుతుంది, ఇవన్నీ రాశాను. చివరిదాకా చదివినవాళ్లు బాగుందన్నారు. చివరిదాకా చదివేవాళ్లే దొరకడం లేదు. లెక్కలు చూస్తే సగం మంది రెండో ఫోటో దాటడం లేదు.

ఫోటోలకు లోటేం చేయలేదండి. మొత్తం ఎనిమిది పెట్టాను. పైన ఎర్రటి మిరపకాయల కుప్ప. తర్వాత వరసగా త్రాసు, నోట్ల కట్టలు పట్టుకున్న చెయ్యి, తలపాగాతో నవ్వుతున్న రైతు, లారీ, గోడౌను, మిరపకాయ బజ్జీలు, చివర పొలం మీద సూర్యాస్తమయం. అన్నీ ఉచితంగా వాడుకోమని ఇచ్చే సైట్లలోవే.

మా ఆడపడుచు ఏమో "ఇంకా ఫోటోలు పెట్టు వదినా, జనం చదవరు, చూస్తారు" అంటుంది. ఆఫీసులో కుర్రాడు ఏఐతో బొమ్మలు చేయించమంటున్నాడు. మావారైతే అన్నీ పీకేయమంటున్నారు, ఆయన ఫోన్లో తెరుచుకోవడానికే యుగం పడుతోందట. ముగ్గురూ మూడు దిక్కులకు లాగుతుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలడం లేదు. అసలు ఒక వ్యాసానికి ఎన్ని ఫోటోలు ఉండాలి? ఎక్కడ పెట్టాలి? నా దగ్గర మామూలు ఫోనే ఉంది, దానితో తీసినవి పనికొస్తాయా? దీని తర్వాత కొండపల్లి బొమ్మల మీద, అమరావతి స్తూపం మీద రాద్దామనుకుంటున్నాను. వాటికైనా మొదటి నుంచి సరిగ్గా చేసుకుందామని అడుగుతున్నా. వ్యాసం లింకు కింద ఇచ్చాను.

---

బెంజిసర్కిల్_బ్యాక్‌బెంచి:

అక్కా, ముందు మీవారికి ఒక కాఫీ ఇప్పించండి, ఆయన చెప్పింది కరెక్టు. మీ లింకు తెరిచి చూశాను. పైన ఉన్న మిరపకాయల ఫోటో ఒక్కటే 6 ఎంబీ. వెడల్పు 6000 పిక్సెళ్లు. చూసేది అరచెయ్యంత ఫోన్లో. ఆ ఫోటో వచ్చేలోపు జనం వేరే చోటికి జారుకుంటున్నారు.

వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేయండి, క్వాలిటీ 75 దగ్గర పెట్టండి. చాలా ఫోటోలు 150 కేబీ అటూ ఇటూకి దిగుతాయి, కంటికి తేడా తెలియదు. వెబ్‌పీని గూగుల్ 2010లో తెచ్చింది, ఇప్పుడు అన్ని బ్రౌజర్లూ చూపిస్తాయి, భయం లేదు. స్క్వూష్ అని బ్రౌజర్‌లోనే నడిచే సాధనం ఉంది. ఎడమవైపు పాత ఫోటో, కుడివైపు కొత్త ఫోటో, మధ్యలో గీత పట్టుకుని జరుపుతూ తేడా చూసుకోవచ్చు. అయితే మిరపకాయల లాంటి ముదురు ఎరుపు ఉన్న ఫోటోని మరీ కుదిస్తే అంచులు అలుక్కుపోతాయి, వాటికి మాత్రం క్వాలిటీ కాస్త పెంచండి.

ఇంకోటి. మీ పేజీలో ఒక లైను చదువుతుంటే పైన ఫోటో అప్పుడే లోడై లైను దభేల్‌మని కిందకి పోతోంది. ఎక్కడ ఆపానో వెతుక్కోవాలి. ఫోటో వెడల్పు, ఎత్తు కోడ్‌లో ఇస్తే బ్రౌజర్ ముందే జాగా వదిలిపెడుతుంది, ఈ గెంతులాట ఉండదు. కింది ఫోటోలకు లేజీ లోడింగ్ పెట్టండి, అంటే పాఠకుడు అక్కడిదాకా వచ్చినప్పుడే దిగుమతి అవుతాయి. పైనున్న మొదటి ఫోటోకి మాత్రం పెట్టొద్దు. తెర మీద పెద్దగా కనిపించే భాగం 2.5 సెకన్లలోపు వస్తే మంచి పేజీ అని గూగుల్ కొలత. మొదటి ఫోటోని లేజీ చేస్తే ఆ కొలత మనమే చెడగొట్టుకున్నట్టు.

వాట్సాప్‌లో లింకు పంపితే మీ వ్యాసానికి బొమ్మే రావడం లేదు, ఉత్త నీలం అక్షరాలు. ఓజీ ఇమేజ్ అని ఒక ట్యాగ్ ఉంటుంది, అందులో 1200 బై 630 సైజు ఫోటో ఒకటి ఇవ్వండి. మన జనానికి వ్యాసాలు చేరేది ఫ్యామిలీ గ్రూపుల్లోనే కదా.

ఏ ఫోటో పెట్టాలి అన్నది నా సబ్జెక్టు కాదు. బాబాయ్ గారు వస్తారు, వాయిస్తారు.

---

సూర్యారావుపేట_బాబాయ్:

వచ్చానయ్యా.

అమ్మా, కుర్రాడు చెప్పింది బరువు సంగతి. అది తప్పకుండా చెయ్యి. కానీ బరువొక్కటే తగ్గిస్తే ఆ నోట్ల కట్టల చెయ్యి ఇంకాస్త త్వరగా కనిపిస్తుంది, అంతకు మించి ఒరిగేదేం లేదు.

నేను ఏలూరు రోడ్డులో ఒక వారపత్రికకు పేజీలు కట్టినవాణ్ణి. ఆఫ్‌సెట్ రాకముందు ఫోటో వేయాలంటే జింకు బ్లాకు చేయించాలి. ఫోటో పట్టుకుని బ్లాకులు చేసేవాళ్ల దగ్గరికి మనిషిని పంపాలి. వాళ్లు దాన్ని సన్నటి గళ్ల తెర గుండా మళ్లీ ఫోటో తీసి చుక్కలుగా మార్చి, జింకు రేకు మీదికి ఎక్కించి, యాసిడ్‌లో కొరికించి, చెక్కకు బిగించి ఇచ్చేవాళ్లు. అంగుళాల లెక్కన డబ్బులు. పైగా సాయంత్రానికి గానీ చేతికి రాదు. అందుకే మా ఎడిటర్ గారు ఏ ఫోటో తెచ్చినా ఇది లేకపోతే చదివేవాడికి ఏం తెలియకుండా పోతుంది అని అడిగేవారు. జవాబు ఉంటే బ్లాకు, లేకపోతే ఫోటో బల్ల సొరుగులోకి. ఇప్పుడు ఫోటో వేయడానికి పైసా ఖర్చు లేదు, ఆ ప్రశ్న అడిగేవాళ్లూ లేరు.

నీ ఎనిమిదింటికీ ఆ ప్రశ్న వేసి చూశాను. నోట్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. త్రాసు తెలుసు. లారీ రోడ్డు మీద రోజూ కనిపిస్తుంది. సూర్యాస్తమయానికీ యార్డుకీ సంబంధం ఏమిటో నువ్వే చెప్పాలి. ఇవి పెళ్లి శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ లాంటివి, ఉంటాయని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చూడరు. బజ్జీల ఫోటో అయితే నష్టమే చేస్తోంది. బజ్జీ వేసే కాయ పచ్చిది, లావుది. యార్డుకి వచ్చేది ఎండుకాయ. ఇక అన్నిటికన్నా పైనున్న కుప్ప. అది కూడా ఎండుమిర్చి కాదమ్మా. నిగనిగలాడుతూ, తొడిమలు పచ్చగా ఉన్న పండుమిర్చి. మన వైపు వాడెవడైనా అది చూడగానే ఈ రాసినావిడ యార్డు గేటు దాటలేదు అనుకుంటాడు. నువ్వు దాటావు, లోపలి సంగతులన్నీ రాశావు, కానీ అది వాడికి తెలిసేలోపే వాడు వెళ్లిపోతున్నాడు. సగం మంది ఎందుకు పోతున్నారన్న దానికి నాకు తోచిన కారణం ఇదీ.

ఎన్ని పెట్టాలి అని అడిగావు. దానికి లెక్క లేదు. నీ వ్యాసం మళ్లీ చదువుకుంటూ పో. ఎక్కడ వాక్యం ఆయాసపడుతోందో అక్కడ ఫోటో కావాలి. తేజ, 334, బ్యాడిగి తేడా చెప్పే పేరా చూడు. సన్నగా, నున్నగా, కొంచెం పొడుగ్గా, ముడతలు పడి అని ఒకటే విశేషణాల వరస. చదివాక కూడా నాకు మూడు కాయలు కళ్ల ముందుకు రాలేదు. ఒక తెల్ల తువ్వాలు మీద మూడు రకాలు, రకానికి నాలుగు కాయల చొప్పున పక్కపక్కన పెట్టి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి పైనుంచి తియ్యి. బ్యాడిగి ముడతలు, తేజ సన్నదనం ఒక్క చూపులో తెలిసిపోతాయి. ఆ పేరా సగానికి సగం కొట్టేయొచ్చు. అలాగే మంచి కాయ పక్కన తాలు కాయ. తెల్లగా పాలిపోయిన ఆ కాయని చూస్తే ధర ఎందుకు పడిపోతుందో నువ్వు వాదించి చెప్పక్కర్లేదు.

అదే వ్యాసంలో బేరం సాగే తీరు రాశావు చూడు, కొనేవాడు ముఖం తిప్పుకుని రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి రావడం. అక్కడ ఫోటో వద్దు. నీ మాటే బాగుంది. ఫోటో పెడితే ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నట్టు కనిపిస్తారు, అంతే.

ఫోన్ చాలు. మా రోజుల్లో వేసిన చుక్కల ఫోటోలతో పోలిస్తే నీ ఫోన్ ఫోటో రాజభోగం. కానీ మిరపకాయతో ఒక పేచీ ఉంది. ఫోన్ కెమెరాకి ముదురు ఎరుపు అంటే పడదు. ఎండలో కుప్పని తీస్తే కాయ మీద కాయ విడివిడిగా కనిపించకుండా ఎర్ర పెయింటు డబ్బా ఒలికినట్టు వస్తుంది. తెర మీద కాయల దగ్గర వేలితో తాకు, సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం కిందకి లాగు. ఫోటో కాస్త చీకటిగా అనిపించినా కాయ మీది గీతలు నిలుస్తాయి. ఇంకో సంగతి, నీలం పట్టా కింద తీయొద్దు. పట్టా గుండా దిగే వెలుతురు నీలంగా ఉంటుంది, మంచి తేజ కాయ కూడా వంకాయ రంగులో కనిపిస్తుంది. రేకుల షెడ్డు అంచున, నీడలో, వెలుతురు పక్కనుంచి పడేచోట నిలబడు. పొద్దున్నే వెళ్తే ఇంకా మేలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళ్తే సరుకు బాగా దిగుతుంది, ఏది కావాలన్నా దొరుకుతుంది.

అన్నీ ఒకే దూరం నుంచి తీయకు. టిక్కీల వరసల మధ్య సందు ఒకటి. కోసిన టిక్కీలోకి దూరిన చెయ్యి ఒకటి. విరిచిన కాయ, అందులో గింజలు ఒకటి. ఈ మూడూ వరసగా చూస్తే చదివేవాడు యార్డులోకి నడిచి, వంగి, చేత్తో పట్టుకున్నట్టే. పైన పెట్టాల్సింది నా ఓటు అయితే ఆ టిక్కీలో చెయ్యి. ఆ చెయ్యి ఏం వెతుకుతోందో తెలుసుకుందామని కిందికి వస్తారు.

ఘాటుని ఫోటో తీయలేం. కానీ ముక్కుకి గుడ్డ కట్టుకుని టిక్కీ మోస్తున్న హమాలీని తీయొచ్చు. అడిగి తియ్యి. పనిలో ఉన్న మనిషిని అడక్కుండా తీయడం మర్యాద కాదు, అడిగితే చాలామంది సరే అంటారు. తర్వాత ఆ ఫోటో ఆయనకి పంపించు కూడా.

ఫోటో కింద ఒక వాక్యం రాయడం మానకు. నువ్వు ఎనిమిదింటికీ "మిర్చి" అనో "గోడౌన్" అనో రాశావు. కనబడేదే మళ్లీ చెబితే దేనికి? కనబడనిది చెప్పాలి. విరిచిన కాయ ఫోటో కింద ఇలా రాయి: "కాయ ఫటుక్కున విరిగితే బాగా ఆరినట్టు, వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టు." వ్యాసం చదవనివాడు కూడా ఫోటో కింద వాక్యం చదువుతాడు, అది బాగుంటే పైకి వెళ్లి పేరా చదువుతాడు. పత్రికలో మేం బతికింది దాని మీదే. వరదల లాంటి వాటి మీద రాస్తే తేదీ తప్పనిసరి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వచ్చాయి కదా, అలాంటి రోజుల్లో ఎప్పటివో పాత ఫోటోలన్నీ ఇవాళ్టివే అంటూ చేతులు మారతాయి. నీ ఫోటో కింద తేదీ, చోటు ఉంటే దాని విలువ వేరు.

ఇక కొండపల్లి. దుకాణంలో అరల నిండా బొమ్మల ఫోటో ప్రతివాడూ పెడతాడు, నువ్వు పెట్టకు. ఒకే బొమ్మని, ఏనుగు అంబారీ అనుకో, ఒకే చోట పెట్టి దశలవారీగా తియ్యి. తెల్ల పొణికి చెక్క ముక్క. చెక్కిన మొండెం. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తొండం, చెవులు అతికించాక. చివరికి రంగులు వేశాక. నాలుగు ఫోటోలు, నాలుగు వాక్యాలు, సగం వ్యాసం అయిపోయినట్టే. కళాకారుడి ఇంటికి రెండుసార్లు వెళ్లాల్సి రావచ్చు, వెళ్లు.

అమరావతి మాత్రం చిక్కు. అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది ఇంతేనా అంటూ వస్తారు. మిగిలింది పొట్టి దిబ్బ, చుట్టూ కొన్ని పలకలు. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1798లో మొదటిసారి చూశాడు. మళ్లీ 1816లో మనుషులతో వచ్చి బొమ్మలు గీయించే నాటికే చాలా రాళ్లు ఊళ్లో కట్టడాలకు తరలిపోయాయి. ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరి ఆ స్తూపం ఎలా ఉండేదో ఎలా చూపిస్తావు? దానికి జవాబు ఆ శిల్పులే చెక్కి పెట్టారు. స్తూపం చుట్టూ అమర్చిన పలకల్లో కొన్నిటి మీద స్తూపం బొమ్మే ఉంది. గుమ్మటం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ముందు వరసగా నిలబడ్డ ఐదు ఆయక స్తంభాలు, అన్నీ అందులో కనిపిస్తాయి. ఇప్పటి దిబ్బ ఫోటో, దాని కిందే ఆ పలక ఫోటో పెట్టు. మధ్యలో ఒక్క మాట కూడా రాయకు. చదివేవాడు పైకీ కిందకీ చూసుకుంటూ అక్కడే ఆగుతాడు.

చాలా రాశాను. మా ఆవిడ భోజనానికి పిలిచి అరగంట అయింది.

---

తెనాలి_టాక్‌బ్యాక్:

నేను కళ్లతో చూడలేను అండి, ఫోన్లో టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. బ్యాంకు ఉద్యోగం, రైల్లో వెళ్తూ వస్తూ తెలుగు వ్యాసాలు వినడం నా అలవాటు. ఫోటోల గురించి నేను మాట్లాడటం ఏమిటి అనుకోవద్దు, నాకే ఎక్కువ పని పెడతాయి అవి.

బ్రాడీపేట గారి వ్యాసం విన్నాను. మచ్చు చూడటం గురించి చాలా బాగా రాశారు. కానీ మధ్యమధ్యలో ఎనిమిది చోట్ల "ఇమేజ్" అనో, ఇంగ్లీషు అక్షరాలు అంకెలు కలిసిన పెద్ద ఫైలు పేరో వచ్చి కథ తెగిపోయింది. ఫోటో ఎక్కించేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్ అని ఒక ఖాళీ గడి ఉంటుంది. అందులో తెలుగులో ఒక్క వాక్యం రాస్తే నాకు అదే వినిపిస్తుంది. "టిక్కీ కోసిన చోట కొనుగోలుదారు చెయ్యి మోచేతి దాకా లోపల ఉంది" అని రాశారనుకోండి, నాకు ఫోటో అందినట్టే. "అందమైన మిర్చి ఫోటో" అని రాస్తే ఏమీ అందదు. ఉత్త అలంకారానికి పెట్టే గీతలు, పువ్వులు లాంటివైతే ఆ గడిలో ఏమీ లేదని కోడ్‌లో గుర్తు పెట్టొచ్చు, అప్పుడు టాక్‌బ్యాక్ దాన్ని దాటేస్తుంది.

ఇంకో పెద్ద తలనొప్పి, బొమ్మ మీదే తెలుగు అక్షరాలు అచ్చేసి పెట్టడం. వంటల వాళ్లు కొలతలన్నీ రంగురంగుల బొమ్మలో పెడతారు. నాకు ఒక్క అక్షరం రాదు. సెర్చ్‌లో వెతికేవాళ్లకూ అది సరిగ్గా దొరకదు. రాయాల్సింది రాయండి, చూపించాల్సింది చూపించండి.

---

సూర్యారావుపేట_బాబాయ్:

తెనాలి గారూ, బొమ్మ మీద అక్షరాల సంగతి బాగా పట్టుకున్నారు. డీటీపీ వాళ్లు ఇంకా అను ఫాంట్లలో కంపోజ్ చేసి బొమ్మగా మార్చి ఇస్తున్నారు, ఆ అక్షరాలు యూనికోడ్ కావు కాబట్టి కాపీ చేసినా ఇంగ్లీషు గజిబిజి వస్తుంది. యూనికోడ్‌లో చేస్తామని బయలుదేరినవాళ్లకి పాత సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి పక్కకి వచ్చి కూర్చుంటాయి. ఆ బాధలన్నీ ఎందుకు, అక్షరం అక్షరంగానే ఉండనివ్వాలి.

---

బ్రాడీపేట_నాలుగోలైను:

అందరికీ చాలా థాంక్స్ అండి. బాబాయ్ గారూ, పండుమిర్చి ఫోటో సంగతి చదివి మావారు పావుగంట నవ్వారు. బజ్జీలు ఇప్పుడే తీసేశాను. తెనాలి గారూ, ఆ గడి ఎక్కడుందో దొరికింది, ఇకనుంచి ఖాళీగా వదలను.

ఇంకో రెండు సందేహాలు. కొండపల్లి తర్వాత కృష్ణా ఆనకట్ట కథ రాయాలని ఉంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, తర్వాత 1957కి వచ్చిన ప్రకాశం బ్యారేజీ. పాత ఫోటోలు నెట్లో బోలెడు కనిపిస్తున్నాయి, తీసుకుని వాడేసుకోవచ్చా? మా పెదమామగారి యార్డు కొట్టు ముందు 1970ల్లో స్టూడియో ఆయన్ని పిలిపించి తీయించుకున్న ఫోటో ఒకటి ఇంట్లో ఉంది, అదైనా పెట్టొచ్చా? ఏఐ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

---

గవర్నర్‌పేట_పాతకాగితం:

ఈ ప్రశ్న నాకు వదిలేయండి, పాత ఫోటోలు పోగుచేయడం నా పిచ్చి.

నెట్లో కనబడింది అంటే వాడుకోవచ్చు అని కాదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకి హక్కు ఒకప్పుడు అది ప్రచురించిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు ఉండేది, 2012 సవరణ తర్వాత తీసినవారి జీవితకాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి బ్యారేజీ కట్టే రోజుల్లో పత్రికల్లోనో పుస్తకాల్లోనో అచ్చైన ఫోటో అయినా గడువు దాటిపోయిందని గుడ్డిగా అనుకోవద్దు. మెలిక ఎక్కడంటే తీసినవారు ఎవరో, ఎప్పుడు పోయారో తెలియని దగ్గర.  అందుకే ఎవరు తీశారో, హక్కు ముగిసిందో లేదో తెలిసిన ఫోటోలే వాడుకోండి. మెకంజీ గీయించిన బొమ్మల లాంటివి రెండు వందల ఏళ్ల నాటివి, వాటి కాపీరైట్ గడువు ఎప్పుడో ముగిసింది. అయినా ఏ లైబ్రరీ నుంచి తెచ్చారో కింద రాయడం పద్ధతి.

మీ పెదమామగారి ఫోటోకి ఇబ్బంది లేదనే నా అభిప్రాయం. డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే అని ఆ చట్టంలో ఉంది. మీ కుటుంబానిదే. స్టూడియో పేరు వెనకాల ముద్ర ఉంటుంది చూడండి, అది కూడా ప్రస్తావిస్తే ముచ్చటగా ఉంటుంది. స్కాన్ చేయించేటప్పుడు ఫోటోని అద్దం ఫ్రేములోంచి బయటికి తీయించండి, ఫోన్తో అద్దం మీదనుంచి తీస్తే ట్యూబ్‌లైటు కూడా ఫోటోలో పడుతుంది.

ఊళ్ల ఫోటోలు కావాలంటే వికీమీడియా కామన్స్‌లో వెతకండి. ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట, బ్యారేజీ అన్నీ దొరుకుతాయి. ఉచితమే కానీ షరతులు ఉంటాయి. చాలావాటికి తీసినవారి పేరు, లైసెన్సు పేరు తప్పకుండా రాయాలి. కొన్నిటికైతే మీరు మార్చి వాడిన ఫోటోని కూడా అదే లైసెన్సు కింద పంచుకోవాలి. ఫోటో పేజీలో ఏం రాసి ఉందో ఒక్క నిమిషం చదివితే సరిపోతుంది. మీరు తీసిన యార్డు ఫోటోలు కూడా అక్కడ ఎక్కించండి. తెలుగు వికీపీడియాకి పనికొస్తాయి.

---

సూర్యారావుపేట_బాబాయ్:

ఏఐ సంగతి నేను చెబుతా. ఒకసారి మావాడి చేత గుంటూరు మిర్చి యార్డు బొమ్మ అడిగించాను. కుప్పలు భలేగా వచ్చాయి, టిక్కీల మీద అక్షరాలు మాత్రం ఏ భాషవో గీసినవాడికే తెలియాలి. ఉన్న చోటు గురించి రాస్తూ లేని చోటు బొమ్మ పెట్టడం నాకు నచ్చదు. ఫోటో చూసి ఇది నిజంగా అక్కడిదే అని నమ్మితేనే కదా పాఠకుడు నీ మాట నమ్మేది. తప్పక వాడితే కింద ఏఐ బొమ్మ అని రాసెయ్యి.

యార్డులో సరుకు నడిచే దారి చూపించాలంటే కాగితం మీద నువ్వే గీయి. గేటు, షెడ్డు, కాటా, కొట్టు, కోల్డ్ స్టోరేజీ, మధ్యలో బాణాలు. గీతలు వంకరపోయినా పర్వాలేదు. కాగితాన్ని కిటికీ పక్కన పెట్టి ఫోటో తీస్తే చాలు.

---

బెంజిసర్కిల్_బ్యాక్‌బెంచి:

ఒక చిన్న జాగ్రత్త అక్కా. ఫోన్లో తీసిన ఫోటోలో ఎక్కడ తీశారో లొకేషన్ కూడా దాగి ఉంటుంది. యార్డులో తీసింది అయితే ఏం కాదు, ఇంట్లో తువ్వాలు మీద తీసినవి నేరుగా ఎక్కించొద్దు. స్క్వూష్‌లో మార్చి సేవ్ చేస్తే అది పోతుంది. కమీషన్ పట్టీ, బిల్లు లాంటివి చూపిస్తే పేర్లు, ఫోన్ నంబర్లు నల్ల పట్టీతో పూర్తిగా మూసేయండి. మసకగా చేస్తే చాలదు, కొన్నిసార్లు దాన్ని తిరిగి చదవగలుగుతున్నారు.

---

బ్రాడీపేట_నాలుగోలైను:

సరే అండి. యార్డులో పనిచేసే మా బావగారిని టిక్కీ కోసేటప్పుడు ఒక ఫోటో తీసి పంపమన్నాను. పంపారు కూడా, కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపారు, జూమ్ చేస్తే కాయలన్నీ ముద్దయిపోయాయి. డాక్యుమెంట్‌గా పంపమని మళ్లీ చెప్పాను. మూడు రకాల కాయలూ తాలు కాయలూ గుప్పెడు చొప్పున తెమ్మన్నాను, ఆదివారం మేడ మీద తువ్వాలు పరిచి తీస్తాను. మారిస్తే ఇదే లింకులో మారుస్తా, వీలైనప్పుడు ఒకసారి చూసి చెప్పండి.